చర్చి రికార్డులు తూకానికి వేయకండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో పాత ఎల్పీ రికార్డుల మీద ఒక పేజీ వేశారు. సినిమా పాటలు, కచేరీలు, హరికథలు, వాటికి ఇప్పుడు పలుకుతున్న ధరలు, అన్నీ బాగానే రాశారు. చివర్లో చిన్న బాక్సులో ఒక మాట ఉంది: చర్చి రికార్డులు ఎవరూ అడగరు, అవి తూకానికే పోతాయి అని. దాని కిందే ఇంకోటి, అమెరికాలో గోస్పెల్ అనే చర్చి సంగీతం అంటే నల్లజాతివాళ్ల బృందగానం అని. మొదటి మాటకి నాకు కోపం వచ్చింది. రెండోది సగమే నిజం. రెండింటికీ కలిపి ఈ ఉత్తరం. పొడుగైపోతుందని నాకు ముందే తెలుసు. ముప్ఫై నాలుగేళ్లు లెక్కల టీచరుగా చేసినదాన్ని, స్టెప్పులు వదిలేసి ఆన్సరు ఒక్కటే రాయడం నాకు చేతకాదు.

మాది గుంటూరు, బ్రాడీపేట. మా నాన్న రైల్వేలో గుమస్తా, ఆదివారం గుళ్లో క్వయర్ మాస్టరు. గుడి అంటే మావాళ్ల మాటలో చర్చే. 1842లో హెయ్యర్ దొర గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఇక్కడ మూడు నాలుగు తరాలు ఆ గుళ్లలోనే పాట నేర్చుకున్నాయి. మా ఇంట్లో రెండు రకాల పాటలుండేవి. ఒకటి కీర్తనల పుస్తకం, ప్రతి కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉండేది. రెండోది ఇంగ్లీషు బాణీల పాటలు, నాలుగు గొంతుల్లో విడగొట్టి పాడేవి. శనివారం సాయంత్రం నాన్న నల్లబల్ల మీద డో రే మి, అంటే మన స రి గ లాంటివి, రాసి, సొప్రానో, అంటే పై గొంతు ఆడవాళ్లకి ఒక వరస, ఆల్టో, అంటే కింది గొంతు ఆడవాళ్లకి ఒకటి, టెనర్‌కి, బేస్‌కి వేరే వేరేగా నేర్పించేవాడు.

నాకు పై స్థాయి అందేది కాదు. ఆడపిల్లలందరూ సొప్రానోలో నిలబడితే నేను వెనక వరసలో మగపిల్లల పక్కన ఆల్టో పాడేదాన్ని. "మాస్టారి పెద్దమ్మాయిది మగగొంతు" అనేవాళ్లు. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో ఆ మాట ఎక్కడ తగులుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొన్నాళ్లు పెదాలు కదిపి ఊరుకున్నాను. క్వయర్ మాస్టరు కూతురు గుళ్లో మూగనటన!

మా పిన్ని కుగ్లర్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివి 1971లో అమెరికా వెళ్లింది. ఉద్యోగం కెంటకీ రాష్ట్రంలో. 1974లో మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు నాన్నకి షేవింగ్ సెట్, అమ్మకి నైలాన్ చీర, ఇంట్లో అందరికీ కలిపి రెండు ఎల్పీలు తెచ్చింది. అట్ట మీద ఒక కుటుంబం ఫోటో. మగవాళ్లకి సూట్లు. మధ్యలో నిండైన ఒక ఆవిడ, తల మీద జుట్టు గోపురంలా. పేరు హ్యాపీ గుడ్‌మన్ ఫ్యామిలీ. "మా స్టేట్‌వాళ్లే, మాడిసన్‌విల్‌లో వాళ్లకి సొంత చర్చి ఉంది" అంది పిన్ని, మన తెనాలివాళ్లే అన్నట్టు.

ఆ బృందం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ బాక్సులో సగం నిజం అన్నది ఇక్కడే. గుడ్‌మన్లు తెల్లవాళ్లు, అలబామా నుంచి వచ్చిన పేద కుటుంబం. మొత్తం ఎనిమిదిమంది తోబుట్టువులు. పెద్దాయన హవార్డ్ మొదట చెల్లెళ్లతో కలిసి ఊరూరా పాడాడు. 1949లో వెస్టల్‌ని పెళ్లి చేసుకున్నాడు. చెల్లెళ్లు ఒక్కొక్కరే తప్పుకుంటే తమ్ముళ్లు రస్టీ, సామ్ వచ్చి చేరారు. చిన్న తమ్ముడు బాబీ బేస్ గిటార్. కాబట్టి 1960లలో పేరు మోగిన బృందం ఎవరయ్యా అంటే పెద్దన్నయ్య, వదిన, ఇద్దరు మరుదులు. వాళ్లు పాడినదాన్ని సదరన్ గోస్పెల్ అంటారు. మహాలియా జాక్సన్ లాంటి మహాగాయనుల నల్లజాతి గోస్పెల్ వేరు, ఇది వేరు. పక్కపక్కనే పెరిగాయి, ఒకదాన్నుంచి ఒకటి తీసుకున్నాయి కూడా, కానీ ఒకే పందిరి కింద కూర్చోలేదు. ఆ సభలకొచ్చేది చాలాకాలం తెల్లవాళ్లే. మా నాన్న రంగు మనిషి 1960లలో ఆ సభలకి వెళ్లుంటే ఎక్కడ కూర్చోబెట్టేవాళ్లో అని నేను చాలాసార్లు అనుకున్నాను. పాట నచ్చింది కదా అని ఆ సంగతి దాచను.

ఆ సంగీతం పుట్టుక నాకు మా నల్లబల్లని గుర్తు చేస్తుంది. అక్కడి పల్లెల్లో ఏడు స్వరాలకి ఏడు ఆకారాలు పెట్టి, చదువు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకి కూడా నాలుగు గొంతుల పాట నేర్పేవాళ్లు. త్రికోణం ఒక స్వరం, చతురస్రం ఒక స్వరం. టెనెసీలో జేమ్స్ వాన్ అనే పాటల పుస్తకాల వ్యాపారి 1910లో నలుగురు మగవాళ్లని జీతానికి పెట్టుకుని, పుస్తకాలు అమ్మడానికి ఊళ్లు తిప్పాడు. ప్రకటన కోసం పెట్టిన పాట చివరికి తానే సరుకైంది. తర్వాత కుటుంబాలు బయల్దేరాయి. స్పియర్ కుటుంబం 1921లో, టెక్సస్‌లో కార్టర్ అనే తండ్రి, ఆయన పిల్లలు కలిసిన చక్ వాగన్ గ్యాంగ్ 1930లలో. జీతాలివ్వక్కర్లేని ట్రూపు కదా, మన సురభి నాటకాల వాళ్లలాగే.

గుడ్‌మన్ల రికార్డులు వేసిన లేబుల్ పేరు కెనాన్, అంటే మన బైబిల్లో కనాను దేశం. టెక్సస్‌లోని వేకో ఊళ్లో వర్డ్ అనే కంపెనీది. పిన్ని తెచ్చినవాటిలో ఒకటి "ద హ్యాపీ గోస్పెల్ ఆఫ్ ద హ్యాపీ గుడ్‌మన్స్". దానికి 1969లో గ్రామీ అవార్డు వచ్చింది. రెండోది జనం మధ్య రికార్డు చేసిన లైవ్ ఆల్బం. మూడోది, "రిఫ్రెషింగ్", పిన్ని తర్వాతి రాకలో తెచ్చింది. దానికీ 1979లో గ్రామీ వచ్చింది.

ఇప్పుడు అసలు కథ. మా రికార్డు ప్లేయర్ కరెంటుతోనూ సెల్స్‌తోనూ నడిచే చిన్న పెట్టె. దాన్ని కరెంటుకి తగిలించే ఎలిమినేటర్ ఒక వేసవిలో కాలిపోయింది. కొత్తది కొనే ఆలోచన నాన్నకి లేదు. పెద్ద సెల్స్ వేసి నడిపేవాళ్లం. సెల్స్ తగ్గుతున్నకొద్దీ చక్రం నెమ్మదించేది. నెమ్మదిస్తే శ్రుతి దిగుతుంది. నాన్న సెల్స్ తీసి డాబా మీద ఎండబెట్టి మళ్లీ వేసేవాడు, ఇంకో వారం లాగేవి. మేం పిల్లలం దాన్నేమీ పట్టించుకోలేదు. మాకు ఆ రికార్డు అలాగే ఉంటుంది. లైవ్ రికార్డుకి ఒకచోట గీత పడి ముల్లు వెనక్కి గెంతేది, తమ్ముడు దాని తల మీద పావలా బిళ్ల పెట్టేవాడు. అయినా గెంతితే ఆ ముక్కని మేమూ మూడుసార్లు పాడేవాళ్లం.

అలా విన్న వెస్టల్ గొంతు నా ప్రాణం నిలబెట్టింది. అది ఆడగొంతా మగగొంతా అని తమ్ముడూ నేనూ పందెం వేసుకున్న గొంతు అది! మందంగా, కిందగా, నేల మీద రెండు కాళ్లూ ఆనించి నిలబడ్డట్టుండేది. అంత పేరున్న ఆవిడ ఇంత కింద పాడుతుంటే నాకేం సిగ్గు అనుకున్నాను. ఆవిడతోపాటు పాడటం మొదలుపెట్టాను. ఒక ఆదివారం గుళ్లో మళ్లీ నోరు తెరిచాను. యాభై ఏళ్లుగా ఆల్టోలోనే ఉన్నాను.

నాన్న పోయాక ప్లేయర్ మూలపడింది. రికార్డులు ట్రంకు పెట్టెలో, అమ్మ పట్టుచీరల కింద ఉండిపోయాయి. పోయిన ఏడాది మా అమ్మాయి పోరు పెట్టి వాటిని ఫైళ్లుగా మార్పిద్దామంది. బెజవాడలో ఒక స్టూడియోకి ఇచ్చాం. అబ్బాయి మర్యాదస్థుడే, నన్ను ఆంటీ అని పిలిచి కాఫీ కూడా తెప్పించాడు. వారం తర్వాత పెన్‌డ్రైవ్ చేతికిచ్చి "మొత్తం క్లీన్ చేసేశాను ఆంటీ, కొత్త పాటలా ఉంటుంది" అన్నాడు.

ఇంటికొచ్చి విన్నాను. నిజమే, కొత్తగానే ఉంది. చిటపటలు పోయాయి. వాటితోపాటు చప్పట్ల చివర్లు పోయాయి, డ్రమ్స్ పక్కన కొట్టే ఇత్తడి పళ్లేల మోత నీళ్లలో మునిగినట్టయింది. లైవ్ రికార్డులో పాటకీ పాటకీ మధ్య మాటలు, జనం నవ్వులు కత్తిరించేశాడు, "సైలెన్స్ అనుకున్నా ఆంటీ" అన్నాడు తర్వాత. అన్నిటికన్నా ఘోరం, పాట ఎత్తుకోబోయే ముందు తీసుకునే ఊపిరి లేదు. వెస్టల్ ఒక పెద్ద వాక్యం మొదలెట్టే ముందు ముక్కుతో, నోటితో కలిపి గాలి లాగుతుంది. అది వినబడితే మనకీ గుండె ఒకసారి పైకి లేస్తుంది. అది తీసేస్తే ఆవిడ ఎక్కడినుంచో హఠాత్తుగా ఊడిపడినట్టుంటుంది. మళ్లీ వెళ్లాను. ఏమీ చేయకుండా, ఉన్నది ఉన్నట్టు ఎక్కించమన్నాను. ఆ అబ్బాయికి నా బాధ అర్థం కాలేదు గానీ, చేశాడు. డబ్బులు కూడా మళ్లీ తీసుకోలేదు, అది చెప్పకపోతే అన్యాయం.

రెండో పెన్‌డ్రైవ్ పెట్టి వింటే ఇంకో దెబ్బ. అందరూ హడావుడిగా పాడుతున్నారు. శ్రుతి పైన ఉంది. నేను కలిసి పాడబోతే గొంతు అందలేదు. స్టూడియో మిషన్ స్పీడు తప్పేమో అని ఫోన్ చేశాను. "కరెక్ట్ స్పీడే ఆంటీ, మీటర్ పెట్టి చూశాను" అన్నాడు. యూట్యూబ్‌లో వెతికితే అక్కడా అంతే. వెస్టల్ ఒక చేత్తో తెల్ల రుమాలు ఊపుతూ, నాకెప్పటికీ అందని చోట నిలబడి పాడుతోంది.

లెక్క కట్టాను, కట్టకుండా ఉండగలనా! ఒక అరస్వరం దిగాలంటే వేగం దాదాపు ఆరు శాతం పడిపోవాలి. నాకు గుర్తున్న శ్రుతి రెండు అరస్వరాలు కింద. అంటే నిమిషానికి 33⅓ సార్లు తిరగాల్సిన రికార్డు మా ఇంట్లో 30 సార్లు కూడా తిరగలేదు. మూడు నిమిషాల పాట మాకు మూడు నిమిషాల ఇరవై రెండు సెకన్లు. ఆ ఇరవై రెండు సెకన్లు, ఆ కింది స్థాయి గుడ్‌మన్లవి కావు, మా సెల్స్‌వి. ఎవరి గొంతు చూసి ధైర్యం తెచ్చుకున్నానో ఆ గొంతు అసలు లేనే లేదు.

రెండు రోజులు ఆ ఫైళ్ల జోలికి వెళ్లలేదు. మూడో రోజు పంతానికి కూర్చుని వరసగా మూడు ఆల్బాలూ విన్నాను, సరైన స్పీడులోనే. మీ పేజీ రాసినవాళ్లు ఇలా ఒకసారి వినుంటే ఆ బాక్సు రాసేవాళ్లు కాదు.

నాకు వినబడినవి చెప్తాను. అన్నదమ్ములు అచ్చులు ఒకేలా పలుకుతారు. "ఆ" అన్నా "ఓ" అన్నా ఒకే నోరు రెండుసార్లు తెరిచినట్టుంటుంది, అందుకని గొంతులు అతుక్కుపోతాయి. ఏ క్వయర్ మాస్టరూ నేర్పలేనిది అది, ఒకే తల్లి చేతి ముద్ద తిని పెరిగితే వచ్చేది. వెస్టల్ కోడలు. ఆవిడ గొంతు ఆ ఇంటి గొంతు కాదు, అతుక్కోదు, పైన విడిగా నిలబడుతుంది. చిన్నప్పుడు నాకు వాళ్లంతా ఒక ముద్దగా వినిపించేవాళ్లు, ఇప్పుడు వదినా మరుదులూ వేరువేరుగా తెలుస్తున్నారు. హవార్డ్ పియానో కొన్నిచోట్ల పాట కన్నా ముందుకి ఉరుకుతుంది. ఇంకో టేక్ తీసుకుంటే పోయే తప్పులు చాలా ఉన్నాయి, తీసుకోలేదు. సంతోషం అట్ట మీద అంత పెద్ద అక్షరాలతో ఉంది కదా, లోపల పాటల్లో సగం చావు గురించే. చిన్నప్పుడు ఇంగ్లీషు సరిగ్గా అర్థంకాక తాళం వేస్తూ ఎగిరాం.

"రిఫ్రెషింగ్" సంగతి వేరు. అప్పట్లో దాన్ని నేను పక్కన పడేశాను, మరీ నున్నగా ఉందని. ఇప్పుడు విన్నా అదే అభిప్రాయం. గ్రామీవాళ్లకి నచ్చింది, నాకు నచ్చలేదు. కానీ నున్నటి పాటలో కూడా రస్టీ రాసే తీరు తెలుస్తుంది. సాదా మాటలు, ఒక్కటి కూడా డిక్షనరీ చూడాల్సినది ఉండదు. ఆయన రాసిన ఒక పాటని ఎల్విస్ ప్రెస్లీ 1969లో రికార్డు చేశాడు. ఇంకో ప్రసిద్ధమైన పాటని లూసియానాకి రెండుసార్లు గవర్నరుగా చేసిన జిమ్మీ డేవిస్‌తో కలిసి రాశాడు. ఆయన గవర్నరు కాకముందే పేరున్న పాటగాడు. 1983లో మన దగ్గర సినిమా హీరో ముఖ్యమంత్రి అయితే పిన్ని ఉత్తరం రాసింది, "మా అమెరికాలో ఇది పాత సంగతేనే" అని.

రస్టీ 1990లో, సామ్ ఆ మరుసటేడు పోయారు. హవార్డ్, వెస్టల్ 1990లలో బిల్ గేథర్ అనే గోస్పెల్ పాటగాడు పాత గాయకుల్ని కూడగట్టి తీసిన హోంకమింగ్ వీడియోల్లో మళ్లీ కనిపించి, మనవల వయసు వాళ్లకి కూడా పరిచయమయ్యారు. ఆయన 2002లో, ఆవిడ 2003లో వెళ్లిపోయారు. వాళ్ల రికార్డుల్ని అక్కడ జనం దాచుకున్నారు. ఇక్కడ మనం ఏం దాచాం? ఆరోజుల్లో మన జిల్లాలో ఎన్ని కుటుంబాలు హార్మోనియం, తబలా పెట్టుకుని సువార్త సభలకి తిరిగేవి! భర్త హార్మోనియం, భార్య పాట, పిల్లలు తాళాలు. కొందరు సొంత డబ్బుతో క్యాసెట్లు వేసుకున్నారు. ఆ క్యాసెట్లు ఇప్పుడు ఎవరింట్లోనో అటక మీద బూజు పడుతున్నాయి. గుళ్లో ఇప్పుడు ట్రాక్ పెట్టి ఒక్కరు పాడతారు, మిగిలినవాళ్లం చూస్తాం. మా ఆల్టో వరసలో మిగిలింది ముగ్గురం, ముగ్గురికీ మోకాళ్ల నొప్పులే. పాస్టర్ అయ్యగారు మంచివారు, మమ్మల్ని ఇంకా నిలబడనిస్తున్నారు.

అందుకని మీకు నా మనవి. పేజీకి రెండో భాగం వేయండి. ఇళ్లలో ఉన్న చర్చి రికార్డులు, కుటుంబాల క్యాసెట్లు పాత సామాన్లవాడికి వేయొద్దని రాయండి. ఎక్కించేవాళ్లకి ఇచ్చేముందు ఊపిరి తీసేయొద్దని చెప్పమనండి.

చివరిగా ఒక సంగతి, ఇది ఎందుకు రాస్తున్నానో నాకూ పూర్తిగా తెలియదు. స్టూడియో నుంచి రికార్డులు తెచ్చుకుని అట్టల్లో పెడుతుంటే ఒక అట్ట వెనక, కింద మూలన, నాన్న పెన్సిల్ రాత కనబడింది. నాన్న దగ్గర శ్రుతి చూసుకునే పిచ్ పైప్ ఉండేది, ఆ సంగతి మర్చిపోయాను. "కొత్త సెల్స్ — డో = ఎఫ్. పాత సెల్స్ — డో = ఈ ఫ్లాట్." ఎఫ్ కన్నా ఈ ఫ్లాట్ సరిగ్గా రెండు అరస్వరాలు కింద. దాని కింద ఇంకా చిన్నగా, "పె.అ.కి పాతవే." ఆ పొడి అక్షరాలు పెద్దమ్మాయి అని నేనంటాను. మా తమ్ముడు కాదంటాడు. "పెట్టె అడుగున" అట, పాత సెల్స్ పెట్టె అడుగున ఉన్నాయని గుర్తు రాసుకున్నాడట. నాన్న ఎంత పిసినారో నీకు తెలీదా అక్కా అంటాడు. మరి ఆ "కి" ఎందుకురా అంటే సమాధానం లేదు.

మీరు ఫోటోలు వేస్తే ఆ అట్ట ఫోటో పంపుతాను. గోపురం జుట్టు ఉన్న ముందువైపు అందరి దగ్గరా ఉంటుంది, వెనకవైపు వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైర్డ్ లెక్కల టీచరు,
బ్రాడీపేట, గుంటూరు